లేజర్‌డిస్క్: డీవీడీకి తాత కాదు, వేరే వంశం

డీవీడీకన్నా ముందు సినిమాలు చూసేందుకు వచ్చిన లేజర్‌డిస్క్ పేరెత్తగానే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ‘అది డీవీడీకి తాత, అంతకన్నా నాసి’ అని కొందరంటారు. ‘కుదించని బొమ్మ, కుదించని శబ్దం, కాబట్టి డీవీడీకన్నా మేలు’ అని ఇంకొందరంటారు. రెండు వైపులా పొరపాటు ఒక్కటే. 30 సెంటీమీటర్ల వ్యాసంతో మిలమిల మెరిసే ఆ పళ్లేన్ని డీవీడీ వంశంలో వేసి కొలుస్తున్నారు. లేజర్‌తో చదివే డిస్కే అయినా అందులో బొమ్మ డిజిటల్ కాదు. దాని బలాలూ లోపాలూ దాదాపుగా ఈ ఒక్క సంగతిలోంచే పుట్టుకొస్తాయి.

క్లుప్తంగా

లేజర్‌డిస్క్‌లో ఉండేది అనలాగ్ కాంపోజిట్ వీడియో, అంటే అంకెలుగా మార్చకుండా వెలుగునూ రంగునూ ఒకే సంకేతంగా కలిపిన వీడియో. తన కాలపు వీడియో టేపుకన్నా అది చాలా స్పష్టం. చదివేటప్పుడు ఏదీ డిస్క్‌ను తాకదు కాబట్టి అరుగుదల లేదు, శబ్దం చివరిదాకా దాని గట్టి బలం. మరోవైపు ఒక్కో పక్కకు గంటే నిడివి, ఇంట్లో రికార్డు చేసుకునే వీలు లేదు, లోపలి అల్యూమినియం పొర చెడిపోయే ప్రమాదం ఉంది. పైగా రంగునూ వెలుగునూ మళ్లీ విడదీసే భారం ప్లేయర్ మీదో టీవీ మీదో పడుతుంది.

గుంటల్లో ఉన్నది అంకెలు కావు

సీడీలో గుంటల పొడవులు ముందే నిర్ణయించిన తొమ్మిది కొలతల్లో ఏదో ఒకటి అవుతాయి. వాటిని చదివితే అంకెలు వస్తాయి. లేజర్‌డిస్క్ గుంటలకు అలాంటి కొలతల పట్టీ లేదు. గుంట పొడవు, గుంటకూ గుంటకూ మధ్య ఎడం నిరంతరంగా మారుతూ ఉంటాయి. ఆ మార్పే వీడియో సంకేతం.

ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌ల నాటి టీవీ పద్ధతి) డిస్కుల్లో సింక్ పల్స్ (ప్రతి గీత మొదలును తెలిపే సంకేతం) అడుగు భాగం 7.6 మెగాహెర్ట్జ్ దగ్గర, తెలుపు శిఖరం 9.3 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండేలా వీడియోను ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్ చేస్తారు, అంటే సంకేతంలోని హెచ్చుతగ్గులను తరంగపు ఫ్రీక్వెన్సీ మార్పులుగా మారుస్తారు. రెండు అనలాగ్ శబ్ద చానళ్లు సుమారు 2.3, 2.8 మెగాహెర్ట్జ్ వాహకాల మీద ప్రయాణిస్తాయి. ఇవన్నీ కలిసిన ఒకే తరంగాన్ని గుంటలుగా చెక్కుతారు. లేజర్ కిరణం అల్యూమినియం పొర మీద పడి తిరిగొచ్చే వెలుగులోని హెచ్చుతగ్గులే ప్లేయర్‌కు అందే ముడిసరుకు.

దీనివల్ల కలిగిన లాభం నాటి ఇళ్లలోని వీడియో టేపు వీహెచ్ఎస్ పక్కన పెడితే తెలుస్తుంది. వీహెచ్ఎస్ టేపులో ఇరుకు ఎక్కువ కాబట్టి రంగు సంకేతాన్ని 3.58 మెగాహెర్ట్జ్ నుంచి 629 కిలోహెర్ట్జ్‌కు దించి దాచేవారు. అందుకే ఎర్ర చొక్కా అంచు దాటి రంగు పక్కకు కారినట్టు కనిపించేది. లేజర్‌డిస్క్‌లో రంగు తన అసలు చోటునుంచి కదలదు. అడ్డంగా లెక్కగట్టే స్పష్టత కూడా వీహెచ్ఎస్‌లో సుమారు 240 గీతలైతే లేజర్‌డిస్క్‌లో 425 వరకూ ఉంటుంది. నాటి టీవీ ప్రసారం సైతం 330 దగ్గరే ఆగిపోయేది.

ఇక కట్టాల్సిన మూల్యం. కాంపోజిట్ అంటే వెలుగు, రంగు ఒకే తీగలో కలిసిపోయిన సంకేతం. వాటిని విడదీసేది కోంబ్ ఫిల్టర్. అది బాగా లేకపోతే సన్న గళ్ల బట్టల మీద ఇంద్రధనుస్సు మెరుపులు, నిలువు అంచుల వెంట పాకే చుక్కలు కనిపిస్తాయి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ప్లేయర్ వెనక ఎస్-వీడియో (వెలుగునూ రంగునూ వేర్వేరు తీగల్లో పంపే) సాకెట్ కనిపించగానే అదే మేలని కేబుల్ అందులో గుచ్చుతారు. డీవీడీ ప్లేయర్‌లో ఆ నమ్మకం సరైనదే. లేజర్‌డిస్క్‌లో మాత్రం డిస్క్ మీదే సంకేతం కలిసిపోయి ఉంది. ఎస్-వీడియో వాడితే ప్లేయర్‌లోని పాత కోంబ్ ఫిల్టర్ విడదీస్తుంది, పసుపు రంగు కాంపోజిట్ సాకెట్ వాడితే ఆ పని టీవీ లేదా స్కేలర్ (బొమ్మను తెరకు తగ్గట్టు మార్చే పెట్టె) చేస్తుంది. రెండింటిలో ఏది మంచిదైతే ఆ దారి పట్టాలి. రెండు కేబుళ్లూ పెట్టి ఒకే సన్నివేశం చూసి తేల్చుకోవడమే ఉత్తమం.

ఇంకో తేడా ఉంది. సీడీలో, డీవీడీలో తప్పులు దిద్దే అదనపు అంకెలుంటాయి. గీత పడినా కొంతవరకూ ఏమీ తెలియదు, హద్దు దాటితే బొమ్మ గడ్డకట్టుకుపోతుంది. లేజర్‌డిస్క్ బొమ్మకు ఆ రక్షణ లేదు. సంకేతం తెగినచోట ప్లేయర్ అంతకుముందు గీతలోని ముక్కను అతికించి నెట్టుకొస్తుంది. దుమ్మూ గీతా చుక్కగానో మెరుపుగానో కనిపించి పోతాయి, సినిమా మాత్రం ఆగదు.

అరగంట డిస్క్, గంట డిస్క్

లేజర్‌డిస్కులు రెండు రకాలు. సీఏవీ (చుట్ల వేగం మారని) డిస్క్ ఎప్పుడూ నిమిషానికి 1800 చుట్లు తిరుగుతుంది, పాల్ (ఐరోపా, భారత్‌ల నాటి టీవీ పద్ధతి) డిస్కైతే 1500. ఒక చుట్టుకు సరిగ్గా ఒక ఫ్రేము. ఒక పక్కన 54,000 ఫ్రేములు, అంటే 30 నిమిషాలు. చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం సుమారు 1.6 మైక్రాన్లు. 54,000ను దాంతో గుణిస్తే 86 మిల్లీమీటర్లు వస్తుంది. లోపలి అంచున 55, బయటి అంచున 145 మిల్లీమీటర్ల వ్యాసార్ధాల మధ్య ఉన్న పట్టీ దాదాపు అంతే వెడల్పు. ఆ సర్పిలాన్ని విప్పి చాపితే 34 కిలోమీటర్ల దాకా సాగుతుంది.

ఒక చుట్టు ఒక ఫ్రేము కావడం వల్ల బొమ్మను నిలపడం చాలా సులువు. ఫ్రేము పూర్తయ్యాక, తెర మీద ఏమీ కనిపించని నిలువు విరామంలో లేజర్ ఒక చుట్టు వెనక్కి దూకుతుంది. ప్రతి చుట్టుకూ అలా దూకుతూ ఉంటే బొమ్మ ఎంతసేపైనా నిలుస్తుంది, డిస్క్ అరగదు. టేపును నిలిపితే హెడ్ అదే చోట రుద్దుతూ ఉంటుంది కాబట్టి కాసేపటికి వదిలేయక తప్పదు. ప్రతి ఫ్రేముకూ సంఖ్య ఉండడంతో 31,207వ ఫ్రేము కావాలంటే నేరుగా అక్కడికే వెళ్లొచ్చు. శిక్షణ డిస్కులకు, చిత్రాల సంకలనాలకు, 1983 నాటి ఆర్కేడ్ ఆటలకు ఈ పద్ధతి నచ్చడానికి కారణం అదే.

ఇందులో ఒక చిన్న మెలిక. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, ఎన్‌టీఎస్‌సీ వీడియో సుమారు 60 ఫీల్డులు, ఒక్కో ఫీల్డు అంటే సగం ఫ్రేము. ఒక సినిమా ఫ్రేముకు రెండు ఫీల్డులు, తరువాతి దానికి మూడు చొప్పున పంచాలి. కాబట్టి కొన్ని వీడియో ఫ్రేముల్లో రెండు వేర్వేరు సినిమా ఫ్రేముల సగాలు కలుస్తాయి. అలాంటిచోట బొమ్మ నిలిపితే పాత్ర చెయ్యి వణుకుతూ కనిపిస్తుంది. డిస్క్ చెడిందేమోనని కంగారు పడనక్కర్లేదు.

సీఎల్‌వీ (ట్రాక్ వేగం మారని) డిస్క్ ఈ సదుపాయాన్ని వదులుకుని నిడివిని రెట్టింపు చేసుకుంది. కిరణం కింద ట్రాక్ వేగం అంతటా ఒకేలా ఉండేట్టు, లోపల 1800 చుట్లతో మొదలై బయటికి వచ్చేసరికి 600 దరిదాపులకు దిగుతుంది. పక్కకు 60 నిమిషాలు. పూర్తి నిడివి సినిమాలు ఎక్కువగా ఈ రకం మీదే వచ్చాయి. వీటిలో బొమ్మ నిలపాలంటే ప్లేయర్‌లో డిజిటల్ ఫ్రేము మెమరీ ఉండాలి. అది ఖరీదైన తరువాతి మోడళ్లకే దక్కింది.

బొమ్మ నాణ్యత సంగతీ ఇక్కడే తేలుతుంది. లోపలి అంచున ట్రాక్ వేగం సెకనుకు సుమారు 10.4 మీటర్లు. సీఏవీలో బయటి అంచుకు వచ్చేసరికి అది 27 మీటర్లు దాటుతుంది, అంటే అదే సంకేతానికి గుంటలు రెండున్నర రెట్లకు పైగా పొడవు. చదవడం అంత తేలిక, రొద అంత తక్కువ. సీఎల్‌వీ డిస్క్ మొదటినుంచి చివరిదాకా ఆ లోపలి అంచు సాంద్రతలోనే నడుస్తుంది.

దీనికి తోడు పక్క ట్రాకుల చొరబాటు. సీఏవీలో ప్రతి చుట్టూ ఒకే కోణం దగ్గర మొదలవుతుంది కాబట్టి పక్క ట్రాకుల సింక్ పల్స్‌లు పక్కపక్కనే వరుసగా ఉంటాయి. కొంత సంకేతం లీకైనా కంటికి ఆనదు. సీఎల్‌వీలో ఆ వరుస తప్పుతుంది. డిస్క్ కాస్త వంగినా పక్క ట్రాక్ సింక్ ఏటవాలు చారలుగా బొమ్మ మీద పాకుతుంది. 1980లలో వేగాన్ని జారుడుగా కాకుండా మెట్లు మెట్లుగా తగ్గించే సీఏఏ పద్ధతి వచ్చాక ఈ బెడద బాగా తగ్గింది. డిస్కుల కవర్ల మీద మాత్రం సీఎల్‌వీ అన్న పేరే మిగిలింది.

నిడివి సమస్య తీరిందా అంటే సగమే. రెండు గంటల సినిమాకు మధ్యలో లేచి డిస్క్ తిప్పాలి. రెండున్నర గంటలదైతే రెండో డిస్క్ కావాలి. రెండు పక్కలా తానే చదివే ప్లేయర్లు తరువాత వచ్చాయి. వాటిలో లేజర్ బండి అంచు చుట్టూ వంపు తిరిగి కింది నుంచి పైకి ఎక్కుతుంది, మోటారు ఆగి ఎదురు దిశలో తిరగాలి. ఆ కాసేపు తెర ఖాళీ.

శబ్దం: అన్నిటికన్నా గట్టి బలం

1980ల నడుమ నుంచి ఎన్‌టీఎస్‌సీ డిస్కుల్లో అనలాగ్ శబ్దానికి తోడు సీడీ తరహా డిజిటల్ శబ్దం చేరింది. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లు, కుదింపు లేదు. రెండూ వేర్వేరు చోట్ల ఉండడంతో నాలుగు చానళ్లు చేతికొచ్చాయి. డిజిటల్ వైపు సినిమా శబ్దం, అనలాగ్ వైపు దర్శకుడి వ్యాఖ్యానం అన్న ఏర్పాటు ఈ వెసులుబాటు వల్లే స్థిరపడింది. వ్యాఖ్యాన ట్రాకుకు తొలి ఉదాహరణ ‘కింగ్ కాంగ్’కు క్రైటీరియన్ సంస్థ 1984లో తెచ్చిన డిస్క్.

పాల్ డిస్కుల్లో అంత చోటు లేదు. డిజిటల్ శబ్దం పెడితే అనలాగ్‌ను తీసేయాల్సి వచ్చింది. అందువల్ల డిజిటల్ శబ్దమున్న పాల్ డిస్క్‌ను తొలితరం ప్లేయర్‌లో వేస్తే బొమ్మ వస్తుంది, మాట రాదు.

1995లో ఏసీ-3 వచ్చింది, తరువాత డాల్బీ డిజిటల్‌గా ప్రసిద్ధికెక్కింది ఇదే. సెకనుకు 384 కిలోబిట్ల 5.1 (ఆరు చానళ్ల) శబ్దాన్ని కుడి అనలాగ్ చానల్ ఉండే చోట కూర్చారు. దాన్ని వినాలంటే ప్లేయర్‌కు ప్రత్యేకంగా ఏసీ-3 ఆర్ఎఫ్ (వాహక తరంగం మీదే ఉన్న సంకేతం) అవుట్‌పుట్, ఆ పైన దాన్ని మామూలు డిజిటల్ సంకేతంగా మార్చే ఆర్ఎఫ్ డీమాడ్యులేటర్ అవసరం. ఆ సాకెట్‌ను రిసీవర్‌లోని మామూలు డిజిటల్ ఇన్‌పుట్‌కు కలిపితే ఏమీ పలకదు, చూడ్డానికి సాకెట్లు ఒకేలా ఉన్నా సంకేతాలు వేరు. ఇలాంటి డిస్కుల్లో అనలాగ్ ట్రాకును ఎంచుకుంటే ఎడమ చానల్‌లో శబ్దం, కుడి చానల్‌లో గరగర వినిపిస్తాయి. డీటీఎస్ (మరో బహుచానళ్ల శబ్ద పద్ధతి) డిస్కుల్లో దారి ఇంకొకటి. అది సీడీ తరహా డిజిటల్ ట్రాకునే ఆక్రమిస్తుంది, కాబట్టి మామూలు డిజిటల్ అవుట్‌పుట్ చాలు. డీకోడర్ లేకుండా పెడితే మాత్రం హోరున బుసకొడుతుంది. మొదటిసారి వేసేటప్పుడు వాల్యూమ్ తగ్గించి ఉంచడం మంచిది.

పొర చెడిపోవడం

సేకరించేవాళ్లు లేజర్ రాట్ అని పిలిచేది ఈ రుగ్మతే. డిస్క్ అంటే నిజానికి రెండు సగాలు. ఒక్కొక్కటి పారదర్శకమైన యాక్రిలిక్ పలక, దాని వెనక అల్యూమినియం పూత. రెండింటినీ వీపులు కలిపి జిగురుతో అతికిస్తారు, మొత్తం మందం సుమారు 2.5 మిల్లీమీటర్లు. జిగురు సరిగా లేకపోయినా, అతుకులోంచి తేమ, గాలి చొరబడినా అల్యూమినియం ఆక్సీకరణం చెందుతుంది. మెరుపు తగ్గిన ప్రతి చోటా సంకేతం తెగి, బొమ్మ మీద రంగురంగుల చుక్కలు రాలతాయి. ఎక్కువ డిస్కులకు ఇది తయారీలోనే అంటుకున్న జబ్బు. కొన్న మనిషి ఎంత జాగ్రత్తగా దాచినా ఆగకపోవచ్చు, జాగ్రత్త లేకున్నా మంచి డిస్క్ దశాబ్దాలు నిలవొచ్చు.

పాత డిస్క్ చూసేటప్పుడు కంటిచూపును పూర్తిగా నమ్మకూడదు. అద్దంలా మెరిసే డిస్క్ కూడా లోపల చెడి ఉండొచ్చు. ప్రతి పక్కా మొదట్లో, చివర్లో ఒకే రంగు నిండిన దృశ్యాన్నో చీకటి సన్నివేశాన్నో చూడాలి. చుక్కలు అన్ని డిస్కుల్లోనూ కనిపిస్తే నేరం ప్లేయర్‌ది, ముందు లెన్స్ మీద దుమ్మును అనుమానించాలి. ఒక డిస్క్‌లో ఒక పక్కనే ఉండి, ఏదో ఒక అంచు వైపు పెరుగుతూ పోతే అది పొర జబ్బు. రెండు పక్కల పూతలు వేర్వేరు కాబట్టి ఒకటి పాడై ఇంకొకటి శుభ్రంగా ఉండడం మామూలే. కాబట్టి మొదటి పక్క చూసి కొనేయడం తప్పు.

యాక్రిలిక్‌కు తేమ పీల్చి వంగే గుణం ఉంది. డిస్కులను ఎల్పీ రికార్డుల్లా నిట్టనిలువుగా, ఒరగకుండా పేర్చాలి. వేడికి దూరంగా ఉంచాలి. మరకలుంటే రెండు చుక్కల తేలికపాటి సబ్బు కలిపిన నీళ్లలో తడిపి పిండిన మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా కాదు. సీడీలకు వాడినట్టు ఆల్కహాల్ వాడితే యాక్రిలిక్ మీద సన్నని నెరియలు రావొచ్చు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది.

ప్లేయర్‌కూ వయసు మీరింది

డిస్క్ బాగున్నా దాన్ని చదివే యంత్రం దొరకడమే ఇప్పుడు కష్టం. మొదటగా పోయేవి రబ్బరు బెల్టులు, గ్రీజు. బెల్టు సాగితే ట్రే సగం తెరుచుకుని ఆగిపోతుంది, గ్రీజు గట్టిపడితే లేజర్ బండి కదలక వెతుకులాటలో ఇరుక్కుంటుంది. వంగిన డిస్క్‌కు తగ్గట్టు లేజర్‌ను వాల్చే టిల్ట్ యంత్రాంగం బిగుసుకుంటే ఏటవాలు చారలు మొదలవుతాయి. వీటిని డిస్క్ లోపమని పొరబడడం సర్వసాధారణం. కాబట్టి కొత్త బెల్టులు, పాత గ్రీజు తీసి కొత్తది రాయడం, లెన్స్ శుభ్రం అన్న వరుసలో వెళ్లి, అప్పటికీ చారలు పోకపోతేనే టిల్ట్ సర్దుబాటు ముట్టుకోవాలి. తొలి మోడళ్లలో హీలియం-నియాన్ వాయు లేజర్ గొట్టం, దానికి వేల వోల్టుల సరఫరా ఉంటాయి. వాటి మూత తీయడం తెలియని చేతులకు తగదు. 1984 నుంచి సెమీకండక్టర్ లేజర్లు వచ్చి ఆ బాధ తప్పింది.

మార్కెట్లో ఎందుకు నిలవలేదు

1978 డిసెంబరులో అమెరికాలోని అట్లాంటాలో ఎంసీఏ, ఫిలిప్స్ కలిసి డిస్కోవిజన్ పేరుతో అమ్మకాలు మొదలుపెట్టాయి. అప్పటికే వీహెచ్ఎస్ అక్కడ ఏడాదికి పైగా పాతుకుపోయింది. తొలి డిస్కుల తయారీలో లోపాలు ఎక్కువ, పేరు చెడింది. తరువాత జపాన్ కంపెనీ పయనీర్ పగ్గాలు అందుకుని, 1981లో జపాన్‌కు తీసుకెళ్లి, లేజర్‌డిస్క్ అన్న పేరును నిలబెట్టింది. ఆర్‌సీఏ అదే ఏడాది సూదితో చదివే సీఈడీ డిస్కుల్ని చవగ్గా తెచ్చి 1984లో ప్లేయర్ల తయారీ ఆపేసింది. పోటీదారు పోయినా లేజర్‌డిస్క్‌కు ఆ ఖాళీ కలిసిరాలేదు. జనం టేపు కొన్నది ప్రధానంగా టీవీ కార్యక్రమాలు రికార్డు చేసుకోవడానికి. లేజర్‌డిస్క్‌తో ఆ పని కాదు. టేపు అద్దెకు దొరికే రోజుల్లో ఖరీదైన డిస్కులు కొని దాచుకోవాలన్న కోరిక కొద్దిమందికే కలిగింది. జపాన్‌లో కరోకే వ్యాపారం దానికి మరో ఆధారమైంది.

1996 నవంబరులో జపాన్‌లో, 1997లో అమెరికాలో డీవీడీ వచ్చాక కథ త్వరగా ముగిసింది. అమెరికాలో 2000లో, జపాన్‌లో 2001లో చివరి సినిమా డిస్కులు వెలువడ్డాయి. పయనీర్ 2009 జనవరిలో ప్లేయర్ల తయారీ ముగిస్తున్నట్టు ప్రకటించింది. ప్రపంచమంతా కలిపి అమ్ముడైనవి సుమారు 1.68 కోట్ల ప్లేయర్లు.

డీవీడీ పక్కన పెడితే

తొలినాటి డీవీడీల్లో కుదింపు సరిగా కుదరక వేగమైన దృశ్యాలు గళ్లుగళ్లుగా విరిగేవి. పొగ, వాన, నీటి కదలికల్లో లేజర్‌డిస్క్ మేలన్న మాట ఆ రోజుల నుంచే పుట్టింది, అప్పటికి అందులో నిజముంది. కుదింపు పనితనం మెరుగుపడ్డాక ఆ ఆధిక్యం నిలవలేదు. రంగును వెలుగునూ విడిగా దాచడం డీవీడీకి పుట్టుకతో వచ్చిన మేలు.

వెడల్పు సినిమాల్లో తేడా మరింత స్పష్టం. 2.35 నిష్పత్తి బొమ్మను 4:3 చట్రంలో పైనా కిందా నల్లపట్టీలతో పెడితే 480 గీతల్లో బొమ్మకు మిగిలేవి సుమారు 272. వెడల్పు బొమ్మను అడ్డంగా నొక్కి దాచి, చూసేటప్పుడు తిరిగి సాగదీసే డీవీడీలో అదే బొమ్మకు 363 దక్కుతాయి. నేటి పెద్ద తెర మీద లేజర్‌డిస్క్ బొమ్మ మెత్తగా కనిపించడానికి మొదటి కారణం ఇదే. అలా నొక్కిపెట్టిన లేజర్‌డిస్కులు లేకపోలేదు, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1994 నుంచి జపాన్‌లో వచ్చిన మ్యూజ్ హై-విజన్ డిస్కులు 1035 గీతల హెచ్‌డీ బొమ్మను అనలాగ్‌గానే ఇచ్చాయి, వాటికీ ప్రత్యేక ప్లేయర్, డీకోడర్ కావాలి. ఆ ప్లేయర్లలోని 670 నానోమీటర్ల ఎర్ర లేజర్ మామూలు డిస్కులను కూడా తక్కువ చారలతో చదివేది.

ఈనాటికీ లేజర్‌డిస్క్‌ను వెతికి కొనేవాళ్లకు బొమ్మ సాకు మాత్రమే. అసలు ఆకర్షణ మరెక్కడా దొరకని శబ్ద మిశ్రమాలు, వ్యాఖ్యానాలు, తరువాతి ముద్రణల్లో రంగులు మార్చక ముందున్న పాత కాపీలు. అలాంటివాటిని భద్రపరచడానికి ఇప్పుడు ప్లేయర్ వీడియో సాకెట్‌ను వాడడం లేదు. లేజర్ నుంచి వచ్చే ముడి ఆర్ఎఫ్ సంకేతాన్ని ప్లేయర్ లోపలి టెస్ట్ పాయింట్ దగ్గరే పట్టుకుని, సెకనుకు 4 కోట్ల నమూనాలు, నమూనాకు 10 బిట్లు చొప్పున కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. గంట నిడివికి అది 180 గిగాబైట్లు. తరువాత ఎల్డీ-డీకోడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్లేయర్ సర్క్యూట్ల పనంతా లెక్కల్లో చేస్తుంది. 1986లో బ్రిటన్ జనజీవనాన్ని నమోదు చేసిన బీబీసీ డోమ్స్‌డే ప్రాజెక్టు కోసం తయారైన లేజర్‌డిస్కులు పదిహేనేళ్లు గడిచేసరికే చదివే యంత్రాలు కరువై చిక్కుల్లో పడ్డాయి. ఈ పట్టుకునే పరికరానికి డోమ్స్‌డే డూప్లికేటర్ అన్న పేరు అక్కడినుంచే వచ్చింది. పొర చెడిన డిస్కులకూ ఇందులో ఒక దారుంది. ఒకే ముద్రణకు చెందిన మూడు నాలుగు కాపీలను విడివిడిగా పట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే, ఒక కాపీలో చుక్క పడిన చోట మిగతావి శుభ్రంగా ఉంటాయి కాబట్టి ఆ గీతను వాటినుంచి తెచ్చి పూడ్చవచ్చు.